కుక్కర్‌లో గంట

కాక పోయాడన్న కబురు వచ్చినప్పుడు ల్యాబ్‌లో పంపు నడుస్తోంది. ఫోన్‌లో ఆయన కొడుకు "మేడం, బాపు పోయిండు" అన్నాడు. ఆ చప్పుడులో సరిగా అందక, "ఏంటి, ఏంటి?" అని మళ్లీ చెప్పించుకున్నాను. తండ్రి పోయినవాడి చేత ఆ మాట రెండోసారి అనిపించినందుకు ఇప్పటికీ నాకు ముఖం చెల్లడం లేదు. పొద్దున చాయ్ తాగి మళ్లీ నడుం వాల్చాడట, ఇక లేవలేదట. నేను పంపు కట్టేసి స్టూలు మీద కూలబడ్డాను.

కాక నాకు చుట్టం కాదు. మా కాలేజీ ల్యాబ్ అటెండరు. మా సూరత్‌లో కాకా అంటే బాబాయి అని గుజరాతీ పిల్లలకూ తెలుసు, ఒడియా పిల్లలకూ తెలుసు, మన తెలుగువాళ్లకైతే చెప్పనే అక్కర్లేదు. అందుకని అందరికీ ఆయన కాకే. అంతకుముందు చాలా ఏళ్లు ఇక్కడే బమ్రోలిలో మరమగ్గాలు నడిపాడు. వాటిని మావాళ్లు సాంచెలంటారు. మా నాన్నదీ అదే పని. నేను ఆ చప్పుడు పక్కనే పుట్టి, అక్కడే పెరిగి, చదువుకుని ఫిజిక్స్ పంతులమ్మనయ్యాను.

ల్యాబ్‌కు వ్యాక్యూమ్ పంపు కావాలని అడిగినప్పుడల్లా ఆఫీసు నుంచి ఒకటే జవాబు వచ్చేది: "చలావీ లో, బెన్." ఉన్నదాంతో నడిపించుకో తల్లీ అని. గాలి లేనిచోట శబ్దం ప్రయాణించదని నేను ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని. పిల్లలు బుద్ధిగా రాసుకునేవాళ్లు. నమ్మారో లేదో దేవుడికెరుక. ఒకరోజు విసుగు పుట్టి, "మనమే చేసుకుందాం కాకా" అన్నాను.

"చేద్దాం పాండ్రి, గదెంత పని!" అన్నాడు కాక. ఏం చేయాలో ఇద్దరికీ తెలియదు.

కాకకు గొప్ప పనితనం ఉందని, నాకు దారి చూపించాడని రాస్తే బాగుంటుంది కానీ, అబద్ధమవుతుంది. ఇద్దరం సమానంగా పాడుచేశాం. ఇంటర్నెట్‌లో చూసి నేను చెప్పేదాన్ని, ఆయన సగం విని సగం తన సొంత తెలివి కలిపేవాడు. పాత సామాన్లమ్మే భంగార్ దుకాణాలన్నీ తిరిగి, పాత ఫ్రిజ్‌లలోంచి తీసిన కంప్రెసర్లు రెండు తెచ్చాం. ఒకటి వదిలిన గాలిని రెండోది లాగేలా కలిపాం. తొలిరోజు లాగే గొట్టం మూతికి బొటనవేలు అడ్డం పెట్టి కాక గంతులేశాడు. "పట్టుకున్నది మేడం! ఇడుస్తలేదు!" అంతలోనే అవతలి గొట్టం ఆయన చొక్కా మీద నూనె కక్కింది. ఆ మరక ఆ చొక్కాకు అలాగే ఉండిపోయింది. దాన్ని చూపించుకునే తిరిగేవాడు.

గాలి తీయడానికి గాజు జాడీ కొనే స్తోమత లేదు. క్యాంటీన్‌లో పిడి విరిగిన పెద్ద కుక్కర్ పడి ఉంటే దాన్ని తెచ్చుకున్నాం. మూతకు బదులు, బోర్డులు రాసే దుకాణంలో మిగిలిన మందపాటి ప్లాస్టిక్ పలక. లోపల ఏం జరుగుతుందో పైనుంచి కనబడాలి కదా. మధ్యలో స్కూటర్ ట్యూబ్ కత్తిరించిన రింగు, దానికి దండిగా వాజిలిన్. పంపు వేస్తే గేజ్ మీద ముల్లు కొంచెం దిగి, మళ్లీ ఎక్కి కూర్చునేది. ఎక్కడో గాలి దూరుతోంది. నేను కుక్కర్‌కు చెవి ఆనించి బుసబుసలు వెతికేదాన్ని. కాక అగర్‌బత్తీ వెలిగించి అతుకుల చుట్టూ తిప్పేవాడు. పొగ ఎటు వంగితే అక్కడ సందు ఉన్నట్టు. "కుక్కర్‌కు పూజ చేస్తున్నావా కాకా?" అని నేను ఆటపట్టించేదాన్ని. ఆయన పొగ మీంచి చూపు తిప్పకుండా, "గాలికి సిగ్గు లేదు మేడం, ఎల్లగొట్టినా మల్లొస్తది" అనేవాడు.

చాయ్ బండి దగ్గర మాత్రం ఆయనను పట్టలేకపోయేవాళ్లం. పొగాకు మావా నములుతూ, "నేను, మేడం కలిసి గాలి లేని జాగ తయారు చేసినం" అని వచ్చినవాడికల్లా చెప్పేవాడు. "గాలి లేని జాగ చూడాల్నంటే మా రూముకు రా కాకా, పంపు గూడ అక్కర్లే" అని ఒక సాంచెల కుర్రాడు అంటే చాయ్ బండి చుట్టూ ఒకటే నవ్వు. కాక అందరికంటే ఎక్కువ నవ్వాడు.

చివరికి ముల్లు దిగి, దిగినచోట నిలబడింది. తలమీద గంటలున్న పాత అలారం గడియారాన్ని స్పాంజి ముక్క మీద పెట్టి కుక్కర్‌లో దించాం. గడియారం కుక్కర్‌కు నేరుగా తగిలితే చప్పుడు ఆ లోహంలోంచి బయటికి వచ్చేస్తుంది. స్పాంజి అందుకే. పంపు వేస్తే గంట మోత సన్నబడి, సన్నబడి, ఎక్కడికో వెళ్లిపోయింది. చిన్న సుత్తి మాత్రం లోపల కొట్టుకుంటూనే ఉంది. నాకు తెలియకుండానే నా కనుబొమ్మలు పైకి లేచాయి. సరిగ్గా అప్పుడే కాక చెయ్యెత్తి, "బంద్!" అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా సరైన సమయానికే చెయ్యెత్తేవాడు. "కాకవి పాము చెవులు" అని నేను పిల్లలతో అంటే తల వంచుకునేవాడు. మెచ్చుకుంటే మొహమాటపడుతున్నాడు అనుకునేదాన్ని.

తర్వాత జబ్బు రోజులు వచ్చాయి. కాలేజీ మూసి, మళ్లీ తెరిచేసరికి అందరి ముఖాలకూ మాస్కులు. అప్పటినుంచి కాక పని చెడింది. పానా అడిగితే గుడ్డ తెచ్చేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. వయసు మీదపడిందని అందరం అనుకున్నాం. నేనైతే మొండితనం కూడా తోడైందని రెండుమూడుసార్లు కసిరాను.

ఆ ఏడు ట్రస్టువాళ్లు, తల్లిదండ్రులు ల్యాబ్ చూడడానికి వచ్చారు. గంట ఆగినప్పుడు చెప్పే గౌరవం కాకకే ఇచ్చాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కానీ అంతకుముందు ఎవరో కుక్కర్ తుడుస్తూ స్పాంజి తీసి, మళ్లీ పెట్టడం మరిచారు. నేను చూసుకోలేదు. పంపు వేశాం. ముల్లు దిగింది. కాక చెయ్యెత్తి, గది దద్దరిల్లేలా, "బంద్ హో గయా!" అన్నాడు.

గంట గణగణ మోగుతూనే ఉంది.

గదంతా గొల్లుమంది. కాక తన మాటకే అందరూ సంబరపడుతున్నారనుకున్నాడు. తనూ నవ్వుతూ చుట్టూ తిరిగి అందరికీ దండాలు పెట్టాడు. ట్రస్టు పెద్దాయన ఒకరు మాస్కు వెనకనుంచి, "కాకాకో సునాయీ నహీ దేతా క్యా?" అన్నాడు, కాకకు చెవులు వినబడవా ఏంటని హాస్యానికి. కాక ఆయన వైపు చూసి, "హా సాహెబ్, హా" అని తలూపాడు. నవ్వు ఇంకా పెరిగింది. అప్పుడు నాకు అర్థమైంది. ఆయన గంట ఎన్నడూ వినలేదు. మొదటిరోజు నా ముఖం చూసి, ఆ క్షణాన ముల్లు ఎక్కడుందో గుర్తుపెట్టుకున్నాడు. అగర్‌బత్తీ పొగా అందుకే, గాలి బుస ఆయనకు వినబడక.

ఆయన నా కళ్లు చూశాడు. నవ్వు ఆపాడు. మెల్లగా కుక్కర్ పక్కకు అరచెయ్యి ఆనించాడు. చేతికి ఆ అదురు తెలిసింది కాబోలు, చెయ్యి తీసేసి బయటికి నడిచాడు. స్పాంజి పెట్టలేదు, తప్పు నాదేనని అందరికీ చెప్పాను. మళ్లీ చేశాం, ఈసారి గంట ఆగింది, చప్పట్లు కొట్టారు. అంత సిగ్గుపడుతూ అందుకున్న చప్పట్లు నా జన్మలో ఇంకెప్పుడూ లేవు.

కాక మెట్ల కింద కూర్చుని ఉన్నాడు. నేను మాస్కు తీసి ఎదురుగా కూర్చున్నాను.

"చెవులు సాంచెలల్ల పోయినయ్ బిడ్డా" అన్నాడు. మేడం అనలేదు. "ఎన్నడు పోయినయో నాకే ఎర్కలే. ఆడ అందరం పెదవులు చూసే మాట్లాడుకునేటోళ్లం."

చెవి మిషన్ సంగతి ఎత్తాను. చేత్తో వద్దన్నాడు.

"నౌకరి పోతే పోనీ. మీ చిన్నమ్మకు తెల్వద్దు. గంతే. ఆమెకు ముచ్చట్లంటే పానం. ఇన్నేండ్లు ఊ కొట్టిన. ఇనకుంటనే ఊ కొట్టిన్నని తెలిస్తే నేను ఆమెకు మొకమెట్ల చూపియ్యాలె?"

చెప్పనని మాటిచ్చాను.

నేను ఏటా శబ్దం పాఠం చెప్తాను. ఎంత మోతకు చెవి దెబ్బతింటుందో పట్టిక రాయిస్తాను. సాంచెల పక్కన పుట్టినదాన్ని. మా నాన్న పిలిస్తే పలకడని అమ్మ సణుగుతుంటే నవ్వినదాన్ని. అయినా కాక విషయం నాకు తట్టలేదు. ఆ సిగ్గు నాకింకా పోలేదు. ఆ రోజు నుంచి కాకతో ముఖాముఖి మాత్రమే మాట్లాడాను. గంట ప్రయోగం చేసినప్పుడు ఆయన నా వైపు చూసేవాడు, నేను కనుబొమ్మ ఎత్తేదాన్ని, ఆయన "బంద్" అనేవాడు. గుట్టు దాచానని, మంచి పని చేస్తున్నానని లోలోపల గర్వం కూడా ఉండేది. ఉన్నమాట చెప్తున్నాను.

నవాగామ్‌లో వాళ్ల గదికి పరామర్శకు వెళ్లాను. అన్నేళ్లు కలిసి పనిచేసి, ఆయన ఇంటికి వెళ్లడం అదే మొదటిసారి. కాక చెవుల గురించి చిన్నమ్మ అడిగితే ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కుంటూనే వచ్చాను.

ఒకటే గది. ఎవరి ఇంట్లోనైనా పొయ్యి గోడవారగా ఉంటుంది, వండేవాళ్ల వీపు గదివైపు ఉంటుంది. ఇక్కడ గ్యాస్ పొయ్యి బల్ల గదిలోకి అడ్డంగా, ఎదురు తిరిగి ఉంది. నడిచేవాళ్ల మోకాళ్లకు తగిలేలా. చిన్నమ్మ గోడకూ బల్లకూ మధ్య ఇరుక్కుని నిలబడి, చాప వైపు ముఖం పెట్టి చాయ్ కాస్తోంది.

"ఇగనన్న దీన్ని గోడకు పెడ్తనమ్మా, ఈడుంటే జాగ ఆగమైతుంది" అన్నాడు కొడుకు.

"ఉండనియ్‌రా" అందామె. నేను బల్లవైపు చూడడం గమనించి నాతో అంది, "ఆయనకు ఇనవడదు గదా బిడ్డా. ముచ్చట చెప్పాల్నంటే నా మొకం కనవడాలె."

"మీకు తెలుసా చిన్నమ్మా?"

"ఆయన సాంచెల పని ఇడువకముందు సందే ఎర్కే. నాకు ఎర్కైందని ఆయనకు చెప్పలే. సిగ్గుపడ్తడు."

దాచింది నేనొక్కదాన్నే అనుకుని ఇన్నాళ్లు మురిసిపోయాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చాప అంచు చూస్తూ కూర్చున్నాను. పాలు పొంగుకొస్తున్నాయి. ఆమె మంట తగ్గించి, నేను తలెత్తేదాకా ఆగింది. నా కళ్లు తన ముఖం మీదికి వచ్చాకే నోరు తెరిచింది.

"చక్కెర తక్కువెయ్యాల్నా బిడ్డా?" అని, కాకతో మాట్లాడినట్టే మెల్లగా, ఒక్కో మాటకు పెదవులు పూర్తిగా విప్పుతూ అడిగి, నేను తలూపేదాకా అలాగే చూస్తూ నిలబడింది.