మగ్గం కింది కడ్డీలు

ఇన్నేళ్లుగా గుండెలో మోస్తూ తిరుగుతున్న మాట ఒకటుంది. మా అక్కకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరుగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల చివర్లో తిరువళ్లూరులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. పెళ్లి కాలేదు, బొమ్మ రైళ్ల పిచ్చి మాత్రం పట్టింది. మద్రాసులో గూడ్సు పెట్టెల కిట్లు దొరికేవి. ముక్కలు అతికించి, చక్రాలు బిగించి, రంగు వేస్తే అచ్చం అరక్కోణం వైపు పోయే గూడ్సే. కానీ మరీ తేలిక. మలుపు రాగానే పట్టాలు దిగి పడిపోయేవి. అడుగున బరువు పెట్టాలి, అదీ రెండు పక్కలా సమానంగా. సముద్రం ఒడ్డున ఆరంబాక్కం పోతే జాలర్లు వలలకు కట్టే సీసం గుళ్లు అడిగినవాడికల్లా ఇచ్చేవారు. అంత దూరం ఎవడు పోతాడు? అప్పటికే మా ఆఫీసరు రైలు చూడ్డానికి వస్తానన్నారు.

తిరుత్తణిలో అక్క ఇంటికి వెళ్లాను. బావది జాకార్డు మగ్గం. చీర అంచులో నెమళ్లు నేయడానికి ఆయన పెట్టింది పేరు. పైకి లేచిన పోగు మళ్లీ కిందికి దిగాలని ఆ మగ్గంలో ఒక్కో తాడుకూ సన్నని ఇనుప కడ్డీ వేలాడుతుంది. బావ సంతకు పోయినప్పుడు ఓ పక్కనుంచి గుప్పెడు కడ్డీలు విప్పుకుని, వాటి చోట పాత గొడుగు కమ్మీల ముక్కలు కట్టాను. చూడ్డానికి రెండూ ఒకటే.

ఆ కడ్డీల బరువుకు రైలు ఒక్కసారీ పడలేదు. ఆఫీసరు చప్పట్లు కొట్టారు. నేను పొంగిపోయాను.

మా వైపు ఆ చీరల మంచి వైపు కిందికి పెట్టి నేస్తారు. పెళ్లి చీర ఒకటి మగ్గం దించాకగానీ నెమళ్ల మెడలు తెగి ఉన్నాయని బావకు తెలియలేదు. తేలిక ముక్కలకు పోగులు సరిగా దిగలేదన్నమాట. నేను మళ్లీ వెళ్లేసరికి బావ ఆ చీరతో నేతకిచ్చిన షావుకారు దగ్గరికి పోయాడని అక్క ఏడుస్తూ చెప్పింది. నేనేం చేశాను? నిజం చెప్పానా? అక్క వంటింట్లోకి పోగానే గొడుగు ముక్కలు విప్పేసి, రైలు పని అయిపోయిందని వెంట తెచ్చిన కడ్డీలు ఎక్కడివక్కడ కట్టేశాను. బావ తిరిగొచ్చి మగ్గమంతా వెతికాడు. తప్పు దొరకలేదు. దాంతో తన కళ్లనే అనుమానించాడు.

కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన పరీక్షించి, కళ్లు బాగున్నాయన్నారు. బయటికొచ్చాక బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆయప్పకు పోగు సంగతి ఏం తెలుస్తాదిరా? నువ్వు చెప్పు. నా కండ్లు బాగుండాయా?"

"వయసైనాది గదా బావా."

"నేనూ అదే అనుకుంటిని. సరే పో, ఇంక నెమలి వద్దులే."

అప్పటికి ఆయనకు నలభై నిండలేదు. పోయేదాకా సాదా తువ్వాళ్లే నేశాడు.

దేనికి భయపడ్డాను? తిడతాడనా? తిట్టేవాడు, సాయంత్రానికి భోజనానికి పిలిచేవాడు. ఆ సంగతి నాకప్పుడూ తెలుసు. గొప్పవాణ్ణనిపించుకున్న మర్నాడే దొంగననిపించుకోవడం ఇష్టం లేకపోయింది. ఇంతకంటే పెద్ద కారణం ఎంత వెతికినా నాలో కనిపించలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆయన అడిగినదానికి జవాబు మాత్రం ఒక్కసారి పైకి చెప్పనివ్వండి. బాగుండాయి బావా. నీ కండ్లు బాగుండాయి.