ఎదురొచ్చిన వీర్రాజు

రెండు విమానాలు, ఇద్దరు మనుషులు, ఒక రిటైర్డ్ కెప్టెన్ గారి గుండె ఒకే పూట ఆగిపోవాల్సిన రోజొకటి నా జీవితంలో ఉంది. చెబుతాను. తప్పెవరిదని మాత్రం మధ్యలో అడక్కండి. ఆ రోజున ఆ విషయంలో నాకు రవ్వంత అనుమానం కూడా లేదు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. రాజమండ్రి టీచరుగారి అమ్మాయిని, పేరు సువార్త. పెద్దాపురం అవతల మెట్టపొలాల మధ్య ఉన్న ఓ చిన్న రన్‌వే మీద విమానం నడపడం నేర్చుకుంటున్నాను. ఒంటరిగా నడపడం మొదలెట్టి మూడు వారాలైంది కాబట్టి, ఇక నాకు రానిదేమీ లేదు. అక్కడ కంట్రోల్ టవర్ ఉండేది కాదు. పైనున్నవాళ్ళు ఎక్కడున్నారో రేడియోలో చెప్పాలి, మిగతావాళ్ళు వినాలి, అందరూ గాలికి ఎదురుగా దిగాలి. అంతే. ఇంత సులువైనదాన్ని పాడు చెయ్యాలంటే ప్రత్యేకమైన ప్రతిభ కావాలి.

నాతోపాటు నేర్చుకునే వీర్రాజుది ఉప్పాడ. చేపలవేట కుటుంబం. మర్యాద మరీ ఎక్కువ. రేడియోలో కూడా "టర్నింగ్ ఫైనల్ అండి. దిగుదామనండి," అనేవాడు. ఆ రోజు నేను పడమటి గాలిలో లేచి, సముద్రం కనబడేదాకా వెళ్ళాను. వెనకాలే వీర్రాజు కూడా లేచి తన మర్యాదలు మొదలెట్టాడు. ఐదు నిమిషాలు ఓర్చుకుని రేడియో సౌండు బాగా తగ్గించేశాను. కొబ్బరితోటలు చూసుకుంటూ పాటలు పాడుకున్నాను.

పదకొండింటికి వెనక్కొచ్చి, పొద్దున్న అందరూ దిగినట్టే తూర్పు నుంచి రన్‌వేకి సూటిగా దిగుతున్నాను. అటు చివర ఓ తెల్లటి చుక్క. చూస్తుండగానే చుక్కకి రెక్కలొచ్చాయి. రెక్కల కింద చక్రాలొచ్చాయి. నా ముఖంలోకే వస్తోంది!

ఎదురుపడితే ఎవరి కుడికి వాళ్ళు తప్పుకోవాలని, మాకు విమానం నేర్పే కెప్టెన్ గారు నూరిపోశారు. నేను పైకి లేపి నా కుడికి లాగాను. అతను తన కుడికి లాగాడు. పక్కనుంచి దూసుకుపోతుంటే వీర్రాజు ముఖం కనిపించింది. నోరు తెరిచే ఉంది. భయపడ్డానని ఒప్పుకోవడం కంటే కోపం తెచ్చుకోవడం తేలిక కదా! తెచ్చుకున్నాను. రేడియో సౌండు పెంచి మైకు నొక్కాను.

"కళ్ళెక్కడ పెట్టుకున్నారండీ వీర్రాజు గారూ? ఇదేమన్నా కాకినాడ రోడ్డనుకున్నారా, ఎదురొచ్చేస్తున్నారు?"

"సారీ అండి. కానండి, నేను..."

"కానీ లేదు, గీనీ లేదు! రన్‌వే ఏమన్నా మీ తాతగారిదా?"

"కాదండి. మా తాతగారిది పడవండి."

ఇంతలో కింద నుంచి కెప్టెన్ గారి గొంతు. "సువార్తా, నోరు మూసుకుని పైకెళ్ళు. వీర్రాజు దిగాక, అతను వచ్చిన వైపు నుంచే నువ్వూ దిగు."

"సర్, తప్పు అతను చేసి..."

"దిగమన్నానా!"

చూశారా పక్షపాతం! ప్రాణాల మీదకి తెచ్చినవాడికి ముందు దారి, బాధితురాలికి చీవాట్లు. దిగీ దిగగానే కాలుతున్న పెనంలాంటి ముఖంతో ఆఫీసులోకి నడిచాను. ఓ మూల వీర్రాజు చేతులు కట్టుకుని నిలబడున్నాడు.

"సర్, ఇతన్ని నెల రోజులు విమానం ఎక్కనివ్వకూడదండి."

"నెలా? మరీ ఎక్కువేమోనమ్మా."

"తక్కువండి! రోజూ రేడియో ముందు కూర్చుని, పైనున్నవాళ్ళు చెప్పే ప్రతి మాటా పుస్తకంలో రాయాలి. అప్పుడు తెలిసొస్తుంది."

"సరే, రాసివ్వు."

రెండు పేజీలు రాశాను. 'ప్రాణాలతో చెలగాటం' అని మూడు చోట్ల రాశాను. సంతకం కింద రెండు గీతలు కూడా గీశాను. కెప్టెన్ గారు నిదానంగా చదివి, కళ్ళజోడు తీశారు.

"వీర్రాజూ, సముద్రం గాలి ఎప్పుడు తిరిగింది?"

"పదిన్నరకండి. ఇక పడమర నుంచి వచ్చి దిగమని మీరు రేడియోలో మూడుసార్లు చెప్పారండి. అలాగేనండి అన్నానండి."

"సువార్త ఏమంది?"

"ఏమీ అనలేదండి," అని నా వంక జాలిగా చూశాడు. "వినపడలేదేమోనండి."

కిటికీలోంచి బయటకి చూశాను. రన్‌వే పక్కన కర్రకి కట్టిన గాలిసంచి తూర్పుగాలికి ఉబ్బి, పడమర వైపు సాగి ఉంది. దిగేముందు దాన్నొకసారి చూసుకోవాలన్నది మొదటి రోజు పాఠం.

"ఇద్దరూ బతికారు కాబట్టి అరవట్లేదు," అన్నారు కెప్టెన్ గారు మెల్లగా. ఆ రెండు పేజీలూ నా ముందుకి తోశారు.

"కంప్లయింటు చాలా బాగా రాశావమ్మా. ఒక్క అక్షరం తియ్యక్కర్లేదు. పేరొక్కటి మార్చు."

మార్చాను. బయటికొచ్చాక వీర్రాజుతో, "తప్పు నాదేనండి. మిమ్మల్ని చంపేసేదాన్ని," అన్నాను. ఏడుపొచ్చేసింది.

"పర్లేదండి. ఇద్దరం కుడికే తిరిగాం కదండీ," అన్నాడు.

నెల రోజులు రేడియో ముందు కూర్చుని రాశాను. ముప్పై రోజులు! అందుకని భూమ్యాకాశాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తప్పు ఎవరిదైనా సరే, ఎంత కోపం వచ్చినా సరే, ఈ జన్మలో ఎవరికీ రెండు రోజులకి మించి శిక్ష వెయ్యమని అడగను.