బావతో ఊరి పంపకాలు

మా ఊళ్లో పరిగెత్తే ఆడమనిషిని చూస్తే జనానికి రెండే అనుమానాలు. వెనకాల కుక్కైనా ఉండాలి, ముందు బస్సైనా పోతుండాలి. నలభై నాలుగేళ్ల వయసులో నేను నరసరావుపేట రోడ్ల మీద బూట్లేసుకుని పరుగు మొదలుపెడితే మొదటి వారంలోనే ముగ్గురు బండి ఆపి ఎక్కమన్నారు. షుగర్ అంచుదాకా వచ్చిందని డాక్టరు భయపెట్టాడని చెప్పి పంపేశాను. అసలు సంగతి చెబితే పిచ్చిదనుకునేవాళ్లు. నేను ఊరిని ఆక్రమిస్తున్నాను.

ఫోన్లో ఒక ఆట ఉంది. పరిగెత్తినా, సైకిల్ తొక్కినా మనం పోయిన దారంతా మ్యాపు మీద గీత పడుతుంది. గంటలోపు ఆ గీత కొసను మొదలుకు తెచ్చి కలిపామా, లోపలి నేలంతా మన రంగులోకి మారిపోతుంది. తర్వాత ఇంకొకరు దాని చుట్టూ తిరిగొస్తే అంతా వాళ్లదే. నేను పనిచేసేది రిజిస్ట్రారు ఆఫీసులో. పొద్దస్తమానం ఇంకొకళ్ల హద్దులు రాసి రాసి విసిగిన నాకు, సాక్షులూ స్టాంపులూ లేకుండా గ్రామ చావడి నుంచి రైలు గేటు దాకా సొంతమైపోతుంటే ఒళ్లు తెలిసేది కాదు. ఆఫీసులో ఎవరన్నా గట్టుతగాదా పడుతుంటే, ఆ గట్టూ నాదేరా నాయనా అని లోపల్లోపల నవ్వుకునేదాన్ని.

మా అక్కావాళ్లది రెండు వీధుల అవతల. బావ జీవితమంతా క్వారీ లారీలు తిప్పిన మనిషి. నిరుడు గుండెకు స్టెంటు వేశారు. రోజూ కాసేపు సైకిల్ తొక్కమని డాక్టరే చెప్పాడు. ఈయన వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఎడమపక్క రొమ్ము మీద అరచెయ్యి ఆనించి, లోపల కొట్టుకుంటోందో లేదో చూసుకుంటూ పొద్దు పుచ్చేవాడు. గేటు దాటితే పడిపోతానని భయం. ఆ ఇంట్లో గుండె అనే మాటే ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

అక్క ఒకరోజు నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, "ఎట్టాగో ఒకట్టా ఆయన్ని కుర్చీలోంచి లేపవే. ఇట్టా కూర్చుంటే మనిషి దక్కడు" అంది.

నాకు తెలిసిన విద్య ఒక్కటే కదా. మర్నాడు వాళ్ల ఇంటి చుట్టూ పరిగెత్తి, ఫోన్ తెచ్చి బావ ముందు పెట్టాను.

"ఏంది ఈ నీలం?" అన్నాడు.

"మీ ఇల్లు. పొద్దున్నుంచి నాది."

"నేను కట్టుకున్న ఇంటి మీద నీ రంగేంది?"

కాఫీ తాగి వచ్చేశాను. రెండోరోజు పొద్దున చూస్తే మా ఇల్లు, మా వీధి, చివరికి నేను జీతం తీసుకునే రిజిస్ట్రారు ఆఫీసుతో సహా నారింజ రంగు. బావ ఆ ఆట తన ఫోన్లోనూ ఎక్కించుకుని, అటక మీది సైకిల్ దించాడు. ఆరోజు నాకు వచ్చినంత కోపం, అంత సంతోషం ఒకేసారి ఎప్పుడూ రాలేదు.

అక్కడి నుంచి ఊరి పంపకాలు సాగాయి. పోటీకి మర్యాదలు కూడా ఏర్పడ్డాయి. చావు జరిగిన ఇల్లుంటే పెద్దకర్మ అయ్యేదాకా ఆ వీధి జోలికి పోకూడదు. ఎదుటివాళ్లకు జ్వరమొస్తే వాళ్ల నేల ముట్టుకోకూడదు. మూడోది బావ పెట్టాడు: దారిలో ఎవరు ఎదురుపడినా పలకరించకుండా పోకూడదు, పలకరిస్తే నిలబడి జవాబు చెప్పాలి. "మనమేమన్నా తలతిక్క మనుషులమా, ముఖం తిప్పుకుని పోటానికి?" అన్నాడు. పెద్దమనిషి తరహా అని మురిసిపోయి ఒప్పుకున్నాను. ఎంత మట్టిబుర్రనో!

ఆ మర్యాదే ఆయన ఆయుధం. ముప్పై ఏళ్లు లారీలు తిప్పిన మనిషికి తెలియని గడప లేదు. నేను ఏ దారిన పోతానో చూసుకుని ముందురోజే అక్కడ చెప్పి పెట్టేవాడు. పాల కేంద్రం దగ్గర ఒక పిన్ని ఆపి మా అమ్మాయి చదువు గురించి మొదటి నుంచీ అడిగేది. టైర్ల షాపు దగ్గర ఒక పెదనాన్న తన మోకాళ్ల కథ ఎత్తుకునేవాడు. వాళ్ల నోళ్లు మూతపడేసరికి నా గంట కాస్తా అయిపోయి గీత గాలిలో కలిసిపోయేది. నేను మాత్రం తక్కువ తిన్నానా! బావ వచ్చే దారిలో ఆయన పాత డ్రైవర్లను కాపలా పెట్టాను. డ్రైవర్లు కబుర్లలో పడితే ఒక పట్టాన వదలరు.

మార్చి నెలలో ఆ ఆట సీజన్‌కి ఆఖరి ఆదివారం వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి ఎవరి నేల ఎక్కువుంటే వాళ్లదే గెలుపు. ఇద్దరం ఇంచుమించు సమానం. వినుకొండ రోడ్డు మీది తూము దగ్గర ఏడింటికి మొదలుపెట్టి, ఎదురెదురు దిక్కుల్లో పొలాల చుట్టూ తిరిగి మళ్లీ తూముకే రావాలి. ముందురోజు సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"ఓడించు కానీ మరీ చిత్తుగా ఓడించమాక. మళ్లీ కుర్చీ ఎక్కుతాడేమోనని నాకు దడగా ఉంది."

"గెలిపించనా పోనీ?"

"గెలిపిస్తే, ఇంక అయిపోయిందిలే అని ఎక్కుతాడు" అంది. ఏం చెయ్యాలో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆదివారం ఎవరూ ఆపకుండా ఉండాలని రోడ్డు వదిలి పొలాల్లోకి దిగాను. దారికి అడ్డంగా మిర్చి కల్లం. కనుచూపు మేరంతా ఎర్రగా ఆరబోసి ఉన్నాయి కాయలు. చుట్టు తిరిగితే పది నిమిషాలు పోతాయి, మధ్యలో సన్నటి బాట ఉంది. కల్లంలోకి చెప్పులతో పోవడం మా వైపు పెద్ద తప్పు. బూట్లు విప్పి గట్టున పెట్టి, మళ్లీ వచ్చి తీసుకుంటాలే అని వట్టికాళ్లతో పరుగు తీశాను. సగం దాటానో లేదో, కాయలు ఏరుతున్న ముసలామె లేచి నిలబడింది.

"ఆగమ్మా. కల్లానికి వచ్చినోళ్లు ఉత్తచేతులతో పోకూడదు. కొంగు పట్టు."

"టైమ్ లేదు పెద్దమ్మా."

"మీ బావ పొద్దున్నే వచ్చి చెప్పిపోయాడు, మా మరదలు ఇటే వస్తది, నిండుగా పెట్టి పంపమని. కాదంటే కల్లానికి మంచిది కాదు గదా."

చున్నీ పట్టాను. ఆమె తాలూ, మచ్చకాయా తీసేసి, మంచికాయలు ఒక్కొక్కటే ఏరి నా చున్నీలో పోసింది. ఆ ఓపిక చూస్తుంటే ఏడుపొచ్చింది. చున్నీ మూటగట్టి చంకనబెట్టుకుని, నల్లరేగడి బెడ్డల మీద ఎగురుతూ, చెమట తుడుచుకోబోయి ఆ చేత్తోనే కళ్లు నులుముకున్నాను. ఇంక చూడండి నా అవస్థ. కళ్లల్లోంచి ధారలు, ముక్కులోంచి ధారలు, కాళ్లు భగభగ. అయినా నవ్వు ఆగడం లేదు. ఒంటరిగా పొలాల్లో ఏడుస్తూ నవ్వుతూ పరిగెత్తుతున్న నన్ను చూసి గేదెలు కూడా పక్కకు తప్పుకున్నాయి.

రోడ్డెక్కేసరికి ఎనిమిదికి మూడు నిమిషాలుంది. తూము ఎదురుగా కనిపిస్తోంది. దానికి ముప్పై అడుగుల ఇవతల సైకిల్ పడి ఉంది. పక్కనే మైలురాయి మీద బావ, తల వాల్చేసి, రొమ్ము పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

మూట అక్కడే పడేసి ఆయన ముందు కూలబడ్డాను.

"బావా. బావా, ఏమైంది?"

పలకలేదు. అక్కకు ఏం చెప్పను, ఆయన్ని ఈ ఆటలోకి దింపింది నేనే కదా అనుకుంటూ ఫోన్ తీశాను. ఆట ఆపేసి నూట ఎనిమిది నొక్కబోతుంటే మెల్లగా తలెత్తాడు.

"ఆపేశావా?"

"ఆపేశా. మాట్లాడమాకండి, అంబులెన్సు పిలుస్తా."

"నిజంగా ఆపేశావా?"

"నిజం బావా."

"అయితే సరే" అని లేచి, పంచె దులుపుకుని, సైకిల్ ఎత్తి ఎక్కాడు. "టిఫిన్ అయిందా, మరదలా?" అని మర్యాదగా అడిగి, ముప్పై అడుగులూ తీరుబడిగా తొక్కుకుంటూ పోయి గీత కలిపేశాడు.

మిరపకాయలు గుప్పెళ్లతో తీసి ఆయన మీదకు విసిరాను. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఆయన తూము మీద నిలబడి, సైకిల్ బెల్లు కొడుతూ పగలబడి నవ్వాడు. ఏడాది తర్వాత ఆ నవ్వు వినడం అదే మొదలు. అప్పుడొచ్చిన కన్నీళ్లు మిరపకాయలవి కావు.

ఫోన్ చేతిలోనే ఉంది కాబట్టి అక్కకే చేశాను. "మీ ఆయన గుండెపోటు నటించి నన్ను ఓడించాడే" అన్నాను.

"చెయ్యి ఎక్కడ పెట్టుకున్నాడు?" అంది అక్క.

గుర్తు తెచ్చుకున్నాను. భయంలో గమనించనే లేదు.

"కుడిపక్క."

అక్క ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "గుండె ఎటుందో మర్చిపోయాడే" అంది.