వేంగి రాజ్యం మీదుగా రింగు రోడ్డు

శనివారం ఉదయం ఏడుంపావుకి పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, అవి కాగేలోపు ఫోనులో ఒక మెసేజ్ పంపాను. ఆ రోజు పాలు పొంగలేదు. నందిగామ నుంచి కృష్ణ ఒడ్డు దాకా మిగతావన్నీ పొంగాయి.

ఇది మూడేళ్ల కిందటి మాట. అప్పుడు నాకు అరవై ఒకటి. ఆ వయసులో చేసినదాన్ని కుర్రతనం అని తోసెయ్యడానికి వీల్లేదు కాబట్టి జరిగింది జరిగినట్టే చెబుతాను. మీరు నవ్వుకోండి. నేను కూడా ఈమధ్యే మొదలుపెట్టాను.

మా అన్నయ్య జగ్గయ్యపేటలో చరిత్ర మాస్టారు. సెలవు దొరికితే చాలు, శాసనాలున్న రాళ్ల వెంట తిరిగేవాడు. విష్ణుకుండినులు, వాళ్ల తర్వాత వచ్చిన వేంగి చాళుక్యులు మన వైపు ఎక్కడిదాకా ఏలారో ఒక మ్యాపు గీయాలని ఆయన కోరిక. పెద్ద డ్రాయింగ్ షీటు మీద పెన్సిలుతో చాలావరకు గీశాడు. పూర్తి కాకుండానే పోయాడు. ఆ రోజు నేను ఏడవలేదు. ఆ తర్వాతా ఏడవలేదు. షీటు చుట్టి ఇంటికి తెచ్చుకుని, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిద్దామని కూర్చున్నాను.

అన్నయ్య కూతురు సుధ హైదరాబాదు నుంచి ఫోనులో పాఠం చెప్పింది.

"బాబాయ్, మ్యాపు పొరలు పొరలుగా ఉంటుంది. నదులు ఒక లేయరు, ఊళ్లు ఒక లేయరు, రాజ్యాలు ఒక లేయరు. ఏది వద్దనుకుంటే అది కనపడకుండా చేసుకోవచ్చు."

"పెసరట్టు మీద ఉప్మా, దాని మీద అల్లం పచ్చడిలాగానా?"

"అలాగే అనుకో. కానీ ఎవరికైనా వడ్డించేముందు నాకు చూపించు."

చూపించలేదు.

నేను ముప్పైమూడేళ్లు రెవెన్యూ ఆఫీసులో పనిచేశాను. హద్దంటే నాకు తెలిసింది గీత. గీతకి ఇటు ఒకడి పొలం, అటు ఇంకొకడి పొలం, మధ్యలో కోర్టు. చాళుక్యులకైనా అంతే అనుకున్నాను. అన్నయ్య పెన్సిలు గుర్తులన్నీ కలుపుతూ వేంగి రాజ్యానికి పడమటి హద్దు ఒకటి లాగాను. పెనుగంచిప్రోలు దగ్గర మునేరు దాటించి, నందిగామ పక్కగా తెచ్చి, చెవిటికల్లు దగ్గర కృష్ణలో దింపాను. ఎర్రగా, లావుగా, ఆపరేషను కుట్టులాగా వచ్చింది. రాజ్యాల పేర్లు ఊళ్ల పేర్లకి అడ్డం వస్తున్నాయని ఆ పేర్ల లేయరు తీసేశాను. ఇక మ్యాపులో మిగిలినవేంటో చూడండి: మన ఊళ్లు, మన రోడ్లు, వాటిని కోసుకుంటూ పోయే ఒక ఎర్రగీత. చాళుక్యులు మాయం.

ఆ బొమ్మని మా రిటైర్డ్ ఉద్యోగుల గ్రూపులో పెట్టాను. తలా ఒక ఊరివాళ్లు కదా, ఎక్కడైనా పాత రాళ్లుంటే చెబుతారని ఆశ. ఉద్దేశం మంచిదే. దాని కింద రాసిన నాలుగు ముక్కలతోనే కొంప మునిగింది:

"ముసాయిదా హద్దు ఇందువెంట జతపరచడమైనది. సదరు గీత మీ గ్రామం మీదుగా వెళ్లుచున్నది. అభ్యంతరములు ఉన్నచో ఏడు దినముల లోపు తెలియజేయగలరు. లేనిచో ఖరారు చేయబడును."

కింద నా పేరు, ఫోన్ నంబరు, "విశ్రాంత సీనియర్ అసిస్టెంట్, రెవెన్యూ." రెండుసార్లు చదువుకున్నాను. ఒక్క తప్పు లేదు. నిశ్చింతగా కాఫీ కలుపుకున్నాను.

మన వైపు ఎక్కడ నలుగురు చేరినా రింగు రోడ్డు ఎటు పోతుందనే మాట్లాడుకుంటారు. ఆ సంగతి మీకు తెలుసు, నాకూ తెలుసు. ఆ పొద్దున మాత్రం గుర్తు రాలేదు.

బొమ్మ మా గ్రూపు దాటి, చేతులు మారి ఊళ్లకి చేరింది. మొదటి ఫోను కంచికచర్ల నుంచి.

"ఏమండీ, మా చేలోంచి పోతుందా, పక్కనుంచా?"

"ఏదండీ?"

"అదేనండీ, మీరు పెట్టిన రోడ్డు."

"అది రోడ్డు కాదండీ. రాజ్యం హద్దు. వేంగి చాళుక్యులది."

"ఆ కంపెనీ ఎక్కడిదండీ, హైదరాబాదా?"

"కంపెనీ కాదు బాబూ! వాళ్లు ఏడో శతాబ్దంలో వచ్చారు."

"ఎప్పుడొస్తే ఏముందిలెండి. పని మొదలెట్టేది ఎప్పుడు?"

తొమ్మిదయ్యేసరికి ఫోను పెనంలా కాలుతోంది. ఒకాయన గీతని అరంగుళం తూర్పుకి జరపమన్నాడు. ఆయన తోడల్లుడు ఆ అరంగుళమూ పడమరకి జరపమన్నాడు. ఇంకొకాయన సీతాఫలాల గంపతో ఇంటికే వచ్చేసి, "మా పొలం ఎలాగూ బీడేనండీ, ఆ గీతేదో మా మీద నుంచి పోనివ్వండి" అని బతిమాలాడు. నేను కాదన్న కొద్దీ అందరికీ నమ్మకం బలపడింది. తప్పు వాళ్లది కాదు. మా ఆఫీసులో "అబ్బే, ఏం లేదండీ" అన్న ప్రతిసారీ ఏదో ఒకటి ఉండేది.

పదకొండింటికి వచ్చిన ఫోనుతో ఇది తమాషా కాకుండా పోయింది.

"మాస్టారి తమ్ముడుగారేనా? పెనుగంచిప్రోలు నుంచి ఖాసింబీని మాట్లాడుతున్నా సార్. మా చేలో రాయి మీద రాతలు మీ అన్నగారు రాసుకుని పోయేవారు. మజ్జిగ తాగి పోయేవారు."

"చెప్పమ్మా."

"మీ మ్యాపు చూసి మా ఆయన చేను అమ్మేస్తున్నాడు సార్. రోడ్డుకి ఎలాగూ పోద్ది, ఈలోపు నాకిచ్చెయ్ అని బ్రోకర్ వచ్చి కూర్చున్నాడు. మూడింటికి సంతకం. ఆ మిరపచేను తప్ప మాకింకేం లేదు."

అన్నయ్య షీటు చంకన పెట్టుకుని ఆటో ఎక్కాను. డ్రైవరు దారిపొడుగునా నా మ్యాపు నాకే చూపిస్తూ, "మన ఆటోస్టాండు పోద్దంటారా అండీ?" అని అడుగుతున్నాడు. నేను కిటికీ లేని ఆటోలో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఖాసింబీ మొగుడు మస్తాన్. వాళ్ల ఇంటి వరండాలో స్టాంపు కాగితం పరిచి ఉంది. దాని మీద బరువుకి టీ గ్లాసు. నన్ను చూడగానే బ్రోకర్ లేచి నిలబడ్డాడు.

"రెవెన్యూ సారు స్వయంగా వచ్చారయ్యా! ఇంకేం రుజువు కావాలి నీకు?"

"మస్తాన్, సంతకం పెట్టకు. అది రోడ్డు కాదు" అన్నాను.

"ఆఫీసర్లు ముందు అలాగే అంటారు" అన్నాడు బ్రోకర్.

"కాలవ తవ్వినప్పుడూ మీవాళ్లు ఏం లేదనే అన్నారు సార్" అన్నాడు మస్తాన్. కోపంగా అనలేదు. బాధగా, మర్యాదగా అన్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

చాళుక్యుల గురించి పది నిమిషాలు మాట్లాడాను. విష్ణుకుండినుల దగ్గరికి వచ్చేసరికి బ్రోకర్ ఆవలించాడు, మస్తాన్ పెన్ను తీశాడు. ఏం చెయ్యాలో తోచక అన్నయ్య షీటు నేల మీద పరిచాను. ఖాసింబీ వంగి, పెన్సిలు గుర్తుల వెంట వేలితో మునేరు దాకా వచ్చి ఆగింది.

"ఇక్కడ ఈ వంకర గుర్తేంటి సార్?"

"ప్రశ్నార్థకం. రాజ్యం అక్కడిదాకా ఉందో లేదో తెలియనిచోట మా అన్నయ్య పెట్టేవాడు."

"ఇదిగో ఇంకోటి. ఇక్కడ ఇంకోటి." లెక్కపెట్టింది. ఆ వరస పొడవునా పదకొండు. "మరి సెల్లులో వచ్చినదాంట్లో ఇవి లేవేం?"

"నేను తీసేశానమ్మా."

"ఎందుకు?"

"ఫైలు శుభ్రంగా ఉండాలని."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "విన్నావా? ఏ గవర్నమెంటైనా నాకు తెలీదని కాగితం మీద పదకొండుసార్లు రాసుకుంటదా? ఇది మాస్టారి మ్యాపే. రోడ్డూ లేదు, పాడూ లేదు. పెన్ను జేబులో పెట్టు."

నా ముప్పైమూడేళ్ల సర్వీసు చెప్పలేని మాట ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది. మస్తాన్ పెన్ను జేబులో పెట్టాడు. బ్రోకర్ గ్లాసు తీసి టీ తాగి, కాగితం మడుచుకుని, పోతూ పోతూ నాతో మెల్లగా, "అసలు రోడ్డు ఎటండీ?" అన్నాడు.

నేను చేలోకి వెళ్లి ఆ రాయి పక్కన కాసేపు కూర్చున్నాను. అన్నయ్య పోయాక ఏడవడం ఆ రోజే చేతనయింది. ఖాసింబీ మజ్జిగ పక్కన పెట్టి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి సుధకి ఫోను చేసి అంతా చెప్పాను. అరగంట సేపు నవ్వింది. తర్వాత అంది: "బాబాయ్, నాన్న గీసింది హద్దు కాదు, వెతుకులాట. అప్పటి రాజులు కంచెలు వేసుకోలేదుగా. శాసనం దొరికినచోట చుక్క పెడదాం. దూరం పోయినకొద్దీ రంగు పల్చబరుద్దాం. తెలియనిచోట తెలియదని రాద్దాం."

గ్రూపులో క్షమాపణ పెట్టాను. ఈసారి సుధ చదివాకే. విచిత్రం ఏమిటంటే, అభ్యంతరాలు చెప్పినవాళ్లలో నలుగురికి నిజంగానే రాతలున్న రాళ్లు తెలుసు. ఒకదాని మీద బట్టలుతుకుతున్నారు, ఒకదానికి గేదెని కడుతున్నారు. ఫోటోలు పంపారు. సీతాఫలాలాయన తన బీడంతా గాలించి, ఏమీ లేని ఒక రాయిని ఫోటో తీసి పంపి, "రాతలు అరిగిపోయి ఉంటాయేమో చూడండి" అన్నాడు. దాన్నీ మ్యాపులో పెట్టాం, ప్రశ్నార్థకంతో. అన్నయ్య బతికుండగా ఆ షీటు మీద ఉన్న చుక్కలకంటే ఇప్పుడు ఎక్కువే ఉన్నాయి. నెలకొకటైనా కొత్తది చేరుతోంది.

కనుక ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, దిగువ సంతకం చేసిన నేను ఇకమీదట ఏ రాజవంశం తరఫునా ఎవరికీ నోటీసు ఇవ్వనని, ఏడు దినములు కాదు కదా ఏడు శతాబ్దాలు గడువు ఉన్నా ఏ రాజ్యాన్నీ ఖరారు చేయనని, మునేరు సాక్షిగా ప్రమాణం చేయుచున్నాను.

మా మ్యాపులో ఇప్పుడు హద్దు గీతలు గీయడం లేదు.