టీవీలో సున్న పాఠం

లోకాలన్నిటినీ లేపి నడిపించే నారాయణునికి నమస్కారం. కాస్త ఆలస్యంగానైనా నాకు సిగ్గు కలిగించినందుకు ఆయనకే మరో నమస్కారం.

బరంపురంలో మా తెలుగు పిల్లలు ఒడియా బడుల్లో చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. అందుకని మా లోకల్ కేబుల్ ఛానల్ యజమాని ఆదివారం ఉదయం అరగంట తెలుగు పాఠం మొదలుపెట్టాడు. రిటైరైన టీచర్ని, భజన గోష్ఠిలో పురాణం చదివేవాణ్ణి కనుక నన్ను కూర్చోబెట్టాడు. ఒక నల్లబల్ల, సుద్దముక్క, నేను. చూసేవాళ్ళు కొద్దిమందే. ఆ కొద్దిమందీ పలక పట్టుకుని చూసేవారు.

వాళ్ళలో ఒకావిడ మా ఊళ్ళోనే గోసాని నువాగాం పేటలో అప్పడాలు ఒత్తుతుంది. గోష్ఠిలో ఎన్ని కీర్తనలైనా నోటికి పాడుతుంది, ఒక్కటీ చదవలేదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తన కళ్ళతో చదివి పాడాలని ఆమె కోరిక. "సచ్చేలోగా ఒక్కపాలి సాలు మాస్టారూ" అనేది.

ఒక ఆదివారం ఆమెనే స్టూడియోకి పిలిచాం. బల్ల మీద 'గోవింద' అని రాశాను. ఆమె దండం పెట్టుకుని, గొంతు సవరించుకుని, "గోవిఠద" అని చదివింది. చిన్నప్పుడు ఆమె చదివిన నాలుగు తరగతులూ ఒడియా. ఒడియాలో గుండ్రంగా సున్నలా ఉండే అక్షరం 'ఠ'. కెమెరా పట్టుకున్నతను నవ్వాడు. ఇన్నేళ్ళు పురాణం చెప్పిన నేను కూడా నవ్వాను.

మర్నాటికి ఆ ముక్క ఊళ్ళో అందరి ఫోన్లలోకీ ఎక్కింది. గోపాల్‌పూర్ ఆటోవాడు "గోవిఠదా!" అని కేకేసి మరీ బండి కదిలించాడు. యజమాని మొహం వెలిగిపోయింది.

"మన పోగ్రాం హిట్టయిపోనాది మాస్టారూ!"

ఆ వారమే నల్లబల్ల పోయి రంగుల దీపాలు వచ్చాయి. పై వారం పోటీ పెట్టారు: అందరికంటే తమాషాగా తప్పు చదివినవాళ్ళకి బహుమతి.

"మరి సరిగ్గా చదివినవాళ్ళకి?" అన్నాను.

"సరిగ్గా సదివితే ఎవులు సూస్తారండీ?"

ఎంత లోతైన మాట! అంత కాలం బళ్ళో పాఠం చెప్పినా నాకు తట్టలేదు. పిల్లలు తప్పులు ఇంట్లో సాధన చేసి మరీ వచ్చేవారు. ఒక తల్లి నా దగ్గర వాపోయింది: "ఏటి సెయ్యాలి మాస్టారూ, మా పాప ఎంత సెప్పినా సరిగ్గానే సదివేస్తంది!"

అయినా నేను ఆ కుర్చీలోంచి లేవలేదు. ఎందుకంటే బడా బజార్‌లో నన్ను చూసి "టీవీ మాస్టారు" అని దారి ఇస్తున్నారు. వైరాగ్యం మీద ఉపన్యాసం చెప్పడానికి వెళ్తూ ఆ పిలుపు విని మురిసిపోయేవాణ్ణి.

అప్పడాల ఆవిడ గోష్ఠికి రావడం మానేసింది. ఇంటికి వెళ్ళాను. ఒత్తడం ఆపకుండానే అంది: "దేవుడి పేరు నా నోటంట నవ్వులాటయిపోనాది. మీరూ నవ్వినారు."

"నీ తప్పు కాదమ్మా. ఒడియా అక్షరం అలవాటు నీకు."

"ఆ మాట ఆ దినమే టీవీలో ఎందుకు సెప్పలేదు?"

రెండు నిమిషాలిస్తే ఇప్పుడైనా చెబుతానని యజమానిని అడిగాను. సంతోషంగా ఒప్పుకున్నాడు. "సెప్పండి సెప్పండి. మద్దిలో ఏడిస్తే ఇంకా మంచిది. ఎనకాల నవ్వుల సౌండు పెడతాం."

ఆ రోజే బయటికి వచ్చేశాను. కార్యక్రమం ఆగలేదు. కొత్త మాస్టారు దొరికాడు. ఆయన నాకంటే బాగా నవ్వుతాడట.

ఏకాదశినాడు ఆమెకు కబురు పెట్టి, గోష్ఠి అందరి ముందూ ఆ మాట చెప్పాను. ఆమె చదివింది తాను నేర్చిన అక్షరాన్నేననీ, తప్పు నవ్విన నాదేననీ. ఆమె వెనక వరసలో కూర్చుని విన్నది. పుస్తకం అందిస్తే తీసుకుంది, ఒళ్ళో పెట్టుకుంది. తెరవలేదు. ప్రతి గోష్ఠికీ వస్తోంది, ఇంకా తెరవలేదు.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం ఆగి నాతో కలిసి స్వామిని వేడుకోండి: ఆ పుస్తకం తెరిచే ధైర్యం ఆమెకివ్వమని, ఆమె చదివేటప్పుడు నా నోటిని అదుపులో ఉంచమని.