ఇస్సాత్ బావ నడుం వంచిన రోజు

మా అక్క పేరు ఇంగా. ఆవిడ మొగుడు ఇస్సాత్‌కు ఈ లోకంలో అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు మంచు మీద తోలే తన మోటారు మంచుబండి. అందులోనూ ముందు సగం. వారం వారం బానెట్‌కు మైనం పట్టించి, తన మొహం కనబడేదాకా తుడిచేవాడు. ఆ మొహం చూసుకోవడానికే అంత తుడుస్తాడని మా అక్క అనేది. కొని నాలుగేళ్లయినా దాన్ని కొత్త బండి అనే అనేవాడు.

వెనక సగాన్ని మాత్రం అత్తవారివైపు చుట్టాల్ని చూసినట్టు చూసేవాడు. ఉన్నారని తెలుసు, పలకరించడు. చక్రాల బదులు ఉండే రబ్బరు పట్టా తిరిగేది ఆ వెనకే. పట్టా లోపల బరువంతా మోసే సస్పెన్షన్ ఉంటుంది. మంచు కరిగి నీళ్లు దూరేదీ, మళ్లీ గడ్డకట్టేదీ, తుప్పు పట్టేదీ అక్కడే. అందుకే షాఫ్టు షాఫ్టుకూ చిన్న నిప్పిల్ పెట్టారు, గన్ను తగిలించి గ్రీజు కొట్టమని. రెయిన్‌డీర్లు మేపుకునే మా పీఠభూమి మీద ఈ సంగతి పళ్లు రాని పిల్లలకు కూడా తెలుసు. బావకు తెలియదని మాకు తెలియదు, అంతే.

మా పెద్దమ్మ రౌద్నాకు డెబ్భై ఒకటి. ఆవిడ బండికి ఇరవై రెండు. బానెట్ మీద పగుళ్లు, పగుళ్ల మీద టేపు. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే మంచి బట్టలు విడిచి, బండి వెనక భాగాన్ని కొయ్యదుంగ మీదికి ఎత్తేది. పాతగుడ్డతో నిప్పిళ్లు ఒక్కొక్కటీ తుడిచి, లోపలి మురికీ నీళ్లూ బయటికి పోయి కొత్త గ్రీజు కనబడేదాకా గన్ను కొట్టేది.

అటుగా వెళ్తే బావ నోరు ఊరుకునేది కాదు.

"ఏంటత్తా, బండికి పాలు పడుతున్నావా? అయ్యాక భుజాన వేసుకుని వీపు తట్టు, లేకపోతే కక్కుతుంది."

"నీ దానికి ఎప్పుడు పట్టావు అల్లుడూ?"

"నాది కొత్త బండి. దానికివన్నీ అక్కర్లేదు."

"మొహానికి మెరుగు పెట్టి మోకాళ్లనొదిలేశావు. అది నడవాల్సింది మోకాళ్లతో కదా."

ఫిబ్రవరికి బావ బండి కీచుమనడం మొదలెట్టింది. గుంతలో పడితే కీచు, గుట్టెక్కితే కీచు. ఆ చప్పుడు వినగానే మా రెయిన్‌డీర్ మంద తోకలెత్తి కొండవతలికి పోయేది.

"చూశావా, కుక్కలు చేసే పని నా బండే చేసేస్తోంది," అన్నాడు నాతో.

"తోలాల్సిన వైపు పోవట్లేదు కదా బావా."

"దిక్కు సంగతి మీరు చూసుకోండి."

ఏప్రిల్‌లో వలస. కడుపుతో ఉన్నవి ఈనేలోగా తీరం చేరాలి. వాటికి మన కోసం ఆగే అలవాటు లేదు. ఎవరు ఏ పని చెయ్యాలో మా గుంపు పెద్ద మిక్కల్ చెబుతాడు. బావ మూడు రోజులు ఆయన ప్రాణం తీసి, సామాను స్లెడ్జీ లాగే పని సంపాదించాడు. గుడారం, పొయ్యి, ఎండుమాంసం, గుంపు మొత్తానికి కాఫీ.

"వెనక ఒకసారి చూసుకున్నావా?" అంది పెద్దమ్మ బయల్దేరేముందు.

"శకునం పలక్కత్తా."

మూడో రోజు పొద్దున సరస్సు మధ్యలో, గాలికి గట్టిపడ్డ మంచు గట్ల మీద, టప్పుమని ఒక చప్పుడు. మొండికేసిన పోతులా బండి వెనక్కి చతికిలబడింది. సస్పెన్షన్ ముందుండే ఇనుప చేతిని పట్టుకున్న బోల్టు విరిగి, ఆ చెయ్యి పట్టాను లోపల్నుంచి పొడిచేసింది.

మిక్కల్ వచ్చి చూశాడు. బండిని చూసి, బావను చూసి, నడుస్తూనే ఉన్న మందను చూశాడు. "మేం పోతున్నాం," అన్నాడు. పైనున్న ఎండుమాంసం తలా కాస్త జేబుల్లో కుక్కుకున్నారు. కాఫీ గిన్నె, కాఫీ సంచి అడుగున, గుడారం కింద, బావ వేసిన పదహారు ముళ్ల కింద ఉన్నాయి. అవి విప్పేలోగా మంద సరస్సు దాటేస్తుంది. కాఫీ లేకుండానే వెళ్లిపోయారు. పెద్దమ్మా నేనూ ఆగాం.

బావ సీటు కింది పెట్టె తెరిచాడు. మైనం డబ్బా, రెండు మెత్తటి గుడ్డలు, అంటించడానికి దాచిన స్టిక్కర్లు. పానా ఒక్కటీ లేదు. పెద్దమ్మ తన పనిముట్ల మూట తెచ్చి మంచు మీద విప్పింది.

"పడుకో."

"ఎక్కడ?"

"బండి పక్కన. నేను పడుకుంటే లేవలేను."

ముగ్గురం కలిసి బండిని పక్కకు ఒరిగించాం. బావ మంచు మీద పడుకుని, ఆ లోపలికి మొదటిసారి తల పెట్టాడు.

"నిప్పిళ్లు ఎన్ని?" అంది పెద్దమ్మ.

"నాలుగు."

"ఆరు."

"నాలుగే ఉన్నాయత్తా."

"పట్టా తిప్పు. పట్టాలో కిటికీలున్నాయి చూడు. ఒకటి ఎదురుగా వస్తే ఐదోది కనబడుతుంది. ఆరోది అవతలి పక్క."

తిప్పాడు. ఐదోది కనిపించింది. బండి తయారైనప్పుడు తొడిగిన ఎర్ర ప్లాస్టిక్ టోపీ ఇంకా దాని నెత్తినే ఉంది. మేం నవ్వలేదు. నవ్వి ఉంటే బావకు కాస్త తేలికయ్యేది.

షాఫ్టు, అది తిరిగే బుష్ గొట్టంలోనే తుప్పుతో అతుక్కుపోయింది. గ్యాస్ మంటతో కాచి, గొడ్డలి వెనకవైపుతో కొడితే మూడు గంటలకు ఊడింది. గుండ్రంగా ఉండాల్సిన బుష్ కోడిగుడ్డులా సాగిపోయింది. పెద్దమ్మ తన పొగాకు డబ్బాలోంచి పాత బుష్ ఒకటి, బోల్టు ఒకటి తీసింది. బుష్ కాస్త వదులు. చుట్టూ చూసి, మైనం డబ్బా అందుకుని, కత్తితో దాని రేకు కొయ్యబోయింది.

"అత్తా, మరి మైనం?"

"బానెట్‌కు పూసుకో. ఇప్పుడు తీరికేగా."

రేకు చుట్టి బుష్ బిగించాం. పట్టా చిల్లును పెద్దమ్మ ఇనుపతీగతో కుట్టింది. తర్వాత గన్ను బావ చేతికిచ్చింది. అతని వేళ్లు చలికి కొంకర్లు పోతున్నాయి. కొడుతుంటే ముందు ఎర్రటి తుప్పునీళ్లు వచ్చాయి, ఆపైన నల్లటి మడ్డి.

"ఎంతసేపు కొట్టాలి?"

"అది చాలనేదాకా."

నాలుగోది కొడుతూ, మొహం మావైపు తిప్పకుండా అన్నాడు. "నాకు తెలీదత్తా. మొదటి బండి కొన్న ఏడాది అడుగుదామనుకున్నా. సిగ్గేసింది. తర్వాత అడిగితే, ఇన్నాళ్లూ తెలీదా అంటారని భయమేసింది."

"నాకు తెలుసు."

"తెలిస్తే చెప్పొచ్చుగా."

"తొమ్మిదేళ్ల కిందట క్రిస్మస్‌కి గ్రీజు గన్ను ఇచ్చాను. ఇంకెట్లా చెప్పమంటావు?"

ఆ గన్నును బావ రిబ్బనుతో సహా హాల్లో గోడకు తగిలించాడు. వచ్చినవాళ్లకు చూపించేవాడు కూడా.

కుట్టిన పట్టాతో మెల్లగా పోయి మేం తీరం చేరేసరికి రెండు రోజులు ఆలస్యం. మంద క్షేమంగా చేరింది, దూడలు అప్పుడే పుడుతున్నాయి. మనుషులే క్షేమంగా లేరు. కాఫీ లేక మిక్కల్ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. గిన్నె దింపేదాకా బావతో ఎవరూ మాట్లాడలేదు. మావాళ్లు మందను దొంగిలించినవాణ్నైనా క్షమిస్తారు, కాఫీ ఆపినవాణ్ని క్షమించరు. ఇప్పటికీ వెనకాల అతణ్ని కాఫీలేని ఇస్సాత్ అనే అంటారు.

అంత జరిగాక బావ నోరు తగ్గుతుందని ఆశపడ్డాం. శీతాకాలం వచ్చేసరికి గురువైపోయాడు. పెట్రోలు బంకు దగ్గర ముక్కూమొహం తెలియనివాళ్లను ఆపి, "మీ ఐదోది చూసుకున్నారా?" అని అడిగేవాడు. మిక్కల్‌కే పాఠం చెప్పబోయాడు, నలభై ఏళ్లుగా బండ్లు విప్పుతున్న మిక్కల్‌కు. ఓసారి ఉత్సాహం ఆపుకోలేక, పట్టా జారే ప్లాస్టిక్ పట్టీలకు కూడా గ్రీజు పూశాడు. వాటికి మంచే గ్రీజు. ఇసుకంతా అంటుకుని వారంలో అరిగిపోయాయి.

"ఇరవై ఏళ్లలో నా మోకాళ్లు నొప్పా అని అడిగిన పాపాన పోలేదు," అంది అక్క నాతో. "ఇప్పుడు పొద్దున్నే లేచి బుష్‌ల క్షేమం కనుక్కుని వస్తాడు."

రెండేళ్లకు పెద్దమ్మకు చూపు మందగించింది. బండి తోలడం మానేసి, దాన్ని మా అక్కకిచ్చింది. బావ మొహం మాడిపోయింది.

"నాకెందుకివ్వలేదత్తా? దాని విలువ తెలిసినవాణ్ని నేనేగా."

"నీకు ఊరికి చెప్పే పనే సరిపోతోంది అల్లుడూ. తోలడానికి తీరికేదీ?"

బండి అక్క తోలుతుంది, గ్రీజు బావ కొడతాడు. అక్క పెట్టిన షరతు అది. పోయిన ఆదివారం అటు వెళ్తే కిటికీ దగ్గర అక్క పేపరు చదువుకుంటోంది. వాకిట్లో బండి కింద బావ కాళ్లు మాత్రం కనబడుతున్నాయి.

"ఎన్నోదాంట్లో ఉన్నావు బావా?" అన్నాను.

"మాట్లాడించకురా," అన్నాడు కిందనుంచి. "అక్కడ మీ అక్క చూస్తోంది."