సాబు ఇంటి తలుపు

నా చిన్నప్పుడు మా ఊరంత మంచి ఊరు నల్లగొండ జిల్లా మొత్తంలో లేదు. ఈ సంగతి ఎవరు చెప్పారంటే, మా ఊరివాళ్ళే. పోలీసు యాక్షన్ అయిన ఏడు, రజాకార్ల మీది కోపాన్ని తుపాకీ ముఖం ఎరగని ముసలి సాబుల మీద తీర్చుకుని, వాళ్ళ ఇళ్ళు కాల్చి, మనుషులను తరిమిన తర్వాత కూడా మాది మంచి ఊరే. చేసింది పై ఊరోళ్ళట. పై ఊరోళ్ళు దోచిన సామాను మా ఇళ్ళల్లోకి ఎట్లా నడిచి వచ్చిందో ఎవరూ అడగలేదు. మా గొర్రెల కొట్టానికి నెలవంక చెక్కిన టేకు తలుపు ఉండేది. గొర్రెలకు టేకు తలుపేమిటని నాకూ ఏనాడూ తోచలేదు.

కొన్నేళ్ళకు వానలు మొహం చాటేసేసరికి, పీర్ల పండుగ మళ్ళీ చేయాలని పెద్దలకు భక్తి పుట్టింది. పీర్లను ఎత్తేది మేమే, గుండం చుట్టూ ఎగిరేది మేమే. రొట్టెలూ బెల్లమూ కలిపి దంచిన మలీద మీద ఫాతిహా చదవడానికి మాత్రం సాబు కావాలి. తరిమిన నోళ్ళతోనే బతిమాలి, హుజూర్‌నగర్‌లో తలదాచుకున్న మా ఊరి ముసలి సాబునొకరిని బండి కట్టి తెచ్చారు.

ఆయన పీర్ల కొట్టం ముందు కూర్చున్నాడు. ఒక్కొక్కరూ వచ్చి తమకేమీ తెలియదని చెప్పుకున్నారు. పటేలైతే కళ్ళు కూడా తుడుచుకున్నాడు. సాబు చెలకలో ఆ ఏడు కందులు వేసింది ఆయనే.

అప్పుడు మా అవ్వ, అంటే బాపును కన్నతల్లి, వచ్చింది. ఇక్కడ నేను మా మనుమలకు ఒక కథ చెబుతుంటాను. అవ్వ ఒక్కతే ఆ తలుపును నెత్తిన మోసుకొచ్చి పటేలు కాళ్ళ మీద పడేసిందనీ, ఊరంతా సిగ్గుపడి వాసాలూ గిన్నెలూ తెచ్చి కుప్ప పోసిందనీ. అంత జరగలేదు. తలుపును మా బాపూ చిన్నాయనా తిట్టుకుంటూ మోశారు. అవ్వ వెనక నడిచి వచ్చి, దాన్ని పీర్ల కొట్టం గోడకు ఆనించమని వాళ్ళకు చెప్పి, పటేలుతో అన్నది ఇంతే.

"పై ఊరోళ్ళు దోసిన్రంటున్నవ్ గద పటేలా. గీ తలుపు నా కొట్టానికే ఉండె. తెచ్చినోడు నా కొడుకే. తెస్తాంటే సూసుకుంట ఊకున్నది నేనే. మనమే జేసినం."

ఎవరూ ఇంటికి పోయి ఏమీ తేలేదు. సాబు లేచి, నెలవంకను వేలితో తడిమాడు.

"ఇల్లే లేకపాయె చెల్లె. తలుపు తీస్కపొయ్యి ఏం జెయ్యాలె?"

అడిగిన ఫాతిహా చదివి, ఒక్క ముద్ద కూడా ముట్టకుండా ఆయన సాయంత్రమే బండెక్కాడు. ఊరు మాత్రం మలీదను కడుపునిండా తిన్నది. నేనూ తిన్నాను. బెల్లం బాగా కుదిరింది.

తలుపును మళ్ళీ తెస్తానని బాపు అంటే అవ్వ ఒప్పుకోలేదు. కొట్టానికి తుమ్మకంప అడ్డం పెట్టించింది. తోడేలు దూరి గొర్రెపిల్లను ఎత్తుకుపోయిన తర్వాత కూడా కంపే. తలుపు అక్కడే వానకు నాని, చెదలు పట్టి పోయింది.

ఇప్పుడు నాది స్లాబు ఇల్లు. కొట్టానికి మాత్రం ఇంకా కంపే. రేకు తలుపు పెట్టిస్తానని కొడుకు పోరుతూనే ఉంటాడు. దేశంలో ఎక్కడో అట్లాంటి ఇళ్ళే మళ్ళీ కాలాయని పేపర్లో వచ్చిన రోజు, అరుగు మీద మా పెద్దమనుషులు, ఎవరో చేశారట, అంటారు. పొద్దున కంప లాగినప్పుడు ముల్లు దిగిన వేలిని చూసుకుంటూ, మనమే చేసినం అంటాను. ఆ తర్వాత అరుగు మీద నాకు కాళ్ళు చాపుకునేంత జాగా దొరుకుతుంది.